కొత్త నృత్యానికి ‘వన్స్ మోర్’ చెప్పేదెవరు?

మూడేళ్ళ క్రితం జూలైలో ఒక శనివారం సాయంత్రం మా పిన్నిని వెంటబెట్టుకుని చెన్నైలో అడయారు వైపు ఒక చిన్న హాలులో జరుగుతున్న సమకాలీన నృత్యోత్సవానికి వెళ్ళాను. పిన్ని చిన్నతనంలో ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. పెళ్ళయి టి.నగర్‌లో కాపురం పెట్టాక గజ్జెలు అటకెక్కాయి గానీ, ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో నాట్య కచేరీలు జరిగే సభల చుట్టూ తిరిగి, ఎవరి అరమండి (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) ఎంత లోతుగా ఉందో, ఎవరు తాళం తప్పి నవ్వుతో సర్దుకున్నారో ఇంటికొచ్చి లెక్క అప్పజెబుతుంది. ఇక్కడ అన్నీ కొత్త ప్రయోగాలేననీ, పాట ఉండకపోవచ్చనీ, కథ అసలే ఉండదనీ ముందే హెచ్చరించాను. “సరేలేవే, ఆడి మాసం తగ్గింపు సేలు జనంలో నలిగేకంటే నయం. నిద్రొస్తే నిద్రపోతాను, ఏసీ అయినా ఉంటుందిగా” అంది.

తీరా వెళ్ళాక, ఆ ప్రదర్శనకి నిశ్శబ్దం కావాలని ఏసీ ఆపేశారు. ఎనభై కుర్చీలు, వాటి ముందు నేల మీద పరిచిన చాపలు. వేదిక అంటూ ఎత్తుగా ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో, ఒక అమ్మాయి బూడిదరంగు నూలు ప్యాంటు, చేతుల్లేని చొక్కా వేసుకుని వచ్చి మా ఎదురుగా నిలబడింది. నిలబడిన మనిషి నేల మీద కూర్చోవడమే ఆ నృత్యంలో మొదటి భాగం. దానికి ఆమె పదకొండు నిమిషాలు తీసుకుంది. మోకాళ్ళు వంగడం ఎప్పుడు మొదలైందో నేను కనిపెట్టలేకపోయాను. చూస్తుండగానే ఆమె అరమండి దాకా దిగింది. అలవాటు కొద్దీ నా కళ్ళు అక్కడ ఆగుతుందని ఎదురుచూశాయి, ఆమె ఆగలేదు. అక్కడి నుంచి తొడల్లో వణుకు మొదలైంది. పిన్ని నా చెయ్యి పట్టుకుని, “కాళ్ళు చూడవే, వణుకు దాచుకోవడం లేదు” అని గుసగుసలాడింది. మోచేతి నుంచి జారిన చెమట చుక్క నేల మీద పడి నల్లటి మచ్చయింది. బయట వీధిలో ఆటో హారను మోగిన క్షణంలోనే ఆమె బరువు ఎడమ పాదం నుంచి కుడి పాదానికి మారింది. ఆ హారను మోగి ఉండకపోతే నేను ఉలిక్కిపడి అంత శ్రద్ధగా చూసేదాన్ని కాదేమో.

ఆ తరవాతి నలభై నిమిషాలు మాత్రం వేరే ఎవరో తయారుచేసినట్టున్నాయి. మరో ఇద్దరు వచ్చి పరుగులు పెట్టారు, స్పీకర్లలోంచి ఊపిరి చప్పుడు వినిపించింది, గోడ మీద అక్షరాలు పడ్డాయి, చివరికి ముగ్గురూ మమ్మల్ని తేరిపార చూస్తూ నిలబడ్డారు. చప్పట్లు పడ్డాయి. పిన్ని చప్పట్లు కొడుతూనే నా చెవి దగ్గరికి వంగి, “ఆ కూర్చునే ముక్కకి ఇక్కడ వన్స్ మోర్ అనొచ్చా?” అని అడిగింది.

నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ మాట నన్ను వదిలిపెట్టలేదు. తెనాలి దగ్గర మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాళ్ళం మేము. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగాన్ని సాగదీసి దించగానే వెనక వరసల నుంచి ‘వన్స్ మోర్’ అని కేక లేచేది. అది మెచ్చుకోలు మాత్రమే అనుకోవడం పొరపాటు. మొదటిసారి రాగం వింటాం, రెండోసారి మాట వింటాం. నటుడు కూడా మొదటిసారి జనం ఎక్కడ ఊగారో గమనించి, రెండోసారి అక్కడ ఇంకాస్త నిలబడేవాడు. పద్యం ముదిరేది అలాగే. మన జనం కళాకారుడి చేత పని చేయించుకున్న పద్ధతి అది, టిక్కెట్టు కొన్నా కొనకపోయినా.

కొత్త నృత్యానికి మన నగరాల్లో ఏర్పాటైన ఉత్సవాల్లో ఈ పద్ధతికి చోటు లేదన్నదే నా ఫిర్యాదు. ప్రతి ఉత్సవమూ కొత్త పనినే అడుగుతుంది. వచ్చే ఏడాది ఇంకా కొత్తదాన్ని అడుగుతుంది. పోయినేడాది కొత్తదనుకున్నది ఈ ఏడాదికి ఎవరికీ పట్టదు. పురుడు పోసి, బారసాల ఘనంగా చేసి, ఆ బిడ్డ నడిచిందా లేదా అని మళ్ళీ వాకబు చేయని బంధువుల్లా ఉంది మన వరస. ఆంధ్రులు ఆరంభశూరులని మనల్ని మనమే వెక్కిరించుకుంటాం గానీ, ఈ విషయంలో దేశమంతా ఆంధ్రదేశమే.

“ఏమీ అర్థం కాలేదు” అన్న మాట ఈ ఉత్సవాల నుంచి బయటికొచ్చే వాళ్ళ నోట తరచుగా వింటాం. నిర్వాహకులు దాన్ని ప్రేక్షకుడి లోపంగా తీసుకుంటారు, ప్రేక్షకుడు నృత్యం లోపంగా తీసుకుంటాడు. నాకు రెండూ సరైనవిగా తోచవు. చెన్నై సభల్లో వర్ణం (భరతనాట్య కచేరీలో ప్రధానమైన పెద్ద అంశం) చూసే మామీలు, అంకుల్సూ పుట్టుకతోనే రసికులు కారు. ఒకే వర్ణాన్ని ముప్ఫై మంది చేయగా చూసి చూసి, ఈ చరణంలో ఈ చోట నాయిక తలుపు వైపు చూస్తుందని వాళ్ళకి ముందే తెలుసు. కాబట్టి ఒక అమ్మాయి తలుపు వైపు చూడకుండా దీపం వైపు చూస్తే అది ఎంత పెద్ద నిర్ణయమో వాళ్ళకి వెంటనే తడుతుంది. మా పిన్ని అదే కోవకి చెందుతుంది. ముక్కూ మొహం తెలియని నృత్యాన్ని ఒకే ఒక్కసారి, చెమటలు కారే హాలులో చూపించి, తేల్చి చెప్పమని అడిగితే ఆమె ఏం చెబుతుంది? అయినా వణుకుని పట్టుకుంది, అది ఆ ఏడేళ్ళ కూచిపూడి పుణ్యం.

(ఆ రోజు చేతికిచ్చిన కాగితం గురించి ఒక్క మాట. అది ఇంగ్లీషులో మాత్రమే ఉంది, అందులో ‘శరీరం’ అన్న మాట పదిహేనుసార్లయినా వచ్చింది, ఆ నృత్యంలో ఒక మనిషి కూర్చుంటుందన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. పిన్ని దాన్ని విసనకర్రగా వాడుకుంది.)

ఇలాంటి చర్చల్లో ‘సంప్రదాయం కూడా ఒకప్పుడు కొత్తదే’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే గానీ, విని విని నాకు విసుగు పుట్టిన వాదన అది, ఎందుకంటే అసలు సంగతి దాని తరవాత మొదలవుతుంది. కొత్తది సంప్రదాయం ఎలా అయింది? వెంపటి చినసత్యం గారు 1963లో ఈ మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, భాగవతుల ఆటని పట్నం వేదికకి సరిపడే నృత్యనాటకంగా మలిచినప్పుడు ముక్కున వేలేసుకున్న వాళ్ళున్నారు. ఆయన పని నిలిచింది కొత్తది కావడం వల్ల కాదు. ఒకే నాటకాన్ని శిష్యుల చేత ఊరూరా ఏళ్ళ తరబడి ఆడించడం వల్ల, ఒక తరం సత్యభామ నుంచి మరో తరం సత్యభామకి ఆ నడక అందడం వల్ల.

ఇక సమకాలీన నృత్యానికి మన దగ్గర పెద్దదిక్కనదగిన చంద్రలేఖ కథ చూడండి. ఆమె అరంగేట్రం 1952లో రాయలసీమ కరువు నిధి కోసం జరిగింది. ‘మథురా నగరిలో’ అన్న తెలుగు పాటకి అభినయిస్తూ, చల్లమ్మబోయే గోపిక దాటవలసిన యమునలో నిండుగా ఉన్న నీటిని చేతులతో చూపిస్తుండగా, పత్రికల్లో తాను చూసిన బీటలు వారిన నేలలూ, బిందెలు పట్టుకుని నీళ్ళ కోసం బారులు తీరిన మనుషులూ ఆమెకి కళ్ళముందు మెదిలారట. కళకీ జీవితానికీ మధ్య ఉన్న ఆ పగులు తనని ఎలా కుదిపేసిందో ఆమె తరవాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. భారతదేశపు కొత్త నృత్యానికి మొదటి కుదుపుల్లో ఒకటి తెలుగు పాట మీద, తెలుగు నేల దాహం మీద వచ్చిందన్న సంగతి మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? సరే, దాన్ని పక్కన పెట్టండి. నాకు ఇక్కడ కావలసింది సంవత్సరాల లెక్క. ఆ కుదుపు 1952లో కలిగితే, భరతనాట్యాన్నీ, యోగాన్నీ, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునీ ఒక్కచోట నిలబెట్టిన ‘అంగిక’ 1985లో వచ్చింది. చివరి కృతి ‘శరీర’ 2001లో వచ్చింది. 2006లో ఆమె పోయాక కూడా తిషానీ దోషి, షాజీ జాన్ ఆ ‘శరీర’ని ఏళ్ళ తరబడి ఆడుతూనే ఉన్నారు. గుందేచా సోదరుల ధ్రుపద్ గానం సాగుతుండగా, ఒక స్త్రీ శరీరం అంత మెల్లగా తెరుచుకోవడాన్ని బీసెంట్ నగర్ ఎలియట్స్ బీచి దగ్గర ఆమె కట్టుకున్న ‘స్పేసెస్’లో కూర్చుని చూసినవాళ్ళు, మళ్ళీ చూసినప్పుడు అది మరోలా కనిపించిందని చెబుతారు. అన్నేళ్ళు ఆడకపోయి ఉంటే ఆ మళ్ళీ అన్న మాటే లేదు.

నేనూ ఆ అనుభవం పొందాను, చాలా చిన్న స్థాయిలో. కిందటేడు బెంగళూరు వెళ్ళినప్పుడు, గోడౌనుని స్టూడియోగా మార్చిన ఒక చోట, ఆ అడయారు అమ్మాయే అదే నృత్యం చేస్తోందని తెలిసి వెళ్ళాను. యాభై మంది ఉన్నాం. పరుగులు పోయాయి, గోడ మీది అక్షరాలు పోయాయి, స్పీకర్లు లేవు. మిగిలిన ఇద్దరిలో ఒకరే ఉన్నారు; ఆయన గోడకి ఆనుకుని ఆమెని చూస్తూ నిలబడడం తప్ప ఏమీ చేయలేదు. కూర్చోవడానికి ఆమె ఇప్పుడు పంతొమ్మిది నిమిషాలు తీసుకుంది. మొదటిసారి వణుకు ఆమెకి ఎదురైంది, రెండోసారి ఆమె దాన్ని పిలిచింది: బొటనవేలి దగ్గర మొదలై, పిక్కలోకి ఎక్కి, తొడలో కాసేపు ఆగి, భుజం దాకా వెళ్ళి అక్కడ ఆరిపోయింది. కూర్చున్నాక నృత్యం అయిపోయిందనుకున్నాం. ఆమె అంతే మెల్లగా తిరిగి లేవడం మొదలుపెట్టింది. దిగేటప్పుడు అరమండి దగ్గర ఆగని మనిషి, లేచేటప్పుడు సరిగ్గా అక్కడ ఆగింది. హాలులో ఎవరో చిన్నగా ‘హా’ అన్నారు. అది నేనేనని తరవాత తెలిసింది.

అయ్యాక ఆమెతో కాఫీ తాగుతూ మాట్లాడాను. ఈ రెండేళ్ళలో ఆ నృత్యాన్ని అయిదుసార్లు మాత్రమే చేయగలిగిందట, ఒక బడి ప్రార్థన హాలులో, పుదుచ్చేరిలో ఒక స్నేహితురాలి మేడ మీద, అలా, చాలావరకు సొంత ఖర్చుతో. ఉత్సవాలకి రాసినప్పుడల్లా ఎదురైన మొదటి ప్రశ్న “ఇది ప్రథమ ప్రదర్శనేనా?” అన్నదే. కాదంటే అక్కడితో సరి.

దీని వెనక డబ్బు నడక ఉంది, దాన్ని విప్పి చెప్పకపోతే నిర్వాహకులకి అన్యాయం చేసినట్టవుతుంది. ఈ రంగానికి టిక్కెట్ల డబ్బు హాలు కరెంటుకి కూడా చాలదు. విదేశీ సాంస్కృతిక సంస్థలు, కొన్ని ట్రస్టులు, కంపెనీల సామాజిక నిధులు, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ లాంటి సంస్థల గ్రాంట్లు, ఇవే ఆధారం. నిధి ఏదైనా సాధారణంగా ‘తయారీ’కి ఇస్తారు, తయారైనట్టు రుజువు మొదటి ప్రదర్శన. ఆ రాత్రితో ఖాతా ముగుస్తుంది. లైట్లు తిరిగి అద్దె దుకాణానికి పోతాయి, దుస్తులు అమ్మగారింటి బీరువాలోకి పోతాయి, నర్తకులు యోగా క్లాసులకీ, పెళ్ళిళ్ళలో సంగీత్ రిహార్సళ్ళకీ పోతారు. మళ్ళీ ఆడాలంటే ఆ ముగ్గురినీ ఒకచోట చేర్చి, రిహార్సల్ హాలుకి గంటల లెక్కన అద్దె కట్టి, నెల రోజులు తిండి పెట్టాలి. దానికి దరఖాస్తు పెట్టుకుందామంటే ఫారంలో ఆ గడే ఉండదు.

నాటకానికి రాతప్రతి ఉంటుంది, కీర్తనకి స్వరం ఉంటుంది. ఈ నృత్యానికి నర్తకి ఒళ్ళే రాతప్రతి. ఆమె వేరే ఉద్యోగంలో చేరిన రోజున ఆ ప్రతి చిరిగిపోయినట్టే. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప ‘నృత్తరత్నావళి’ ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గ (శాస్త్రీయ) నృత్యానికీ, నాలుగు దేశి (ప్రాంతీయ) నృత్యాలకీ కేటాయించి పేరణి, ప్రేంఖణ వంటి వాటి వివరాలు రాయగలిగాడంటే, ఆ దేశి నృత్యాలు అతని కాలంలో పదేపదే ఆడుతూ ఉండబట్టే కదా. ఆ గ్రంథాన్ని వి. రాఘవన్ గారు పరిష్కరించి 1965లో మద్రాసులోనే అచ్చు వేయించారు కాబట్టి ఇవాళ మనం చదువుకుంటున్నాం. ఈ జూలైలో ఒక్కసారి ఆడి మాయమయ్యే పనిని ఏ జాయప రాస్తాడు?

వీడియో ఉంది కదా అంటారు. ఉంది, పనికొస్తుంది. నర్తకుడు ఉదయశంకర్ అల్మోరాలో పెట్టిన నృత్య కేంద్రం కొన్నేళ్ళకే మూతపడినా, ఆయన ఇక్కడి జెమిని స్టూడియోలో తీసిన ‘కల్పన’ 1948లో విడుదలైంది కాబట్టి, ఆ సినిమాని బాగుచేసి 2012లో అంతర్జాతీయ చిత్రోత్సవమైన కాన్‌లో చూపించారు కాబట్టి, ఆయన ఊహ ఎలాంటిదో ఇవాళ్టి కుర్రాళ్ళకి తెలుస్తోంది. కానీ ‘కల్పన’ని సినిమాగానే ఊహించి తీశారు. అడయారు హాలులో మూల నిలబెట్టిన ఒంటి కెమెరా తీసిన వీడియోని నేను తరవాత చూశాను. అందులో ఒక అమ్మాయి కూర్చుంటుంది, అంతే. చెమట చుక్క లేదు, బరువు మారడం లేదు.

ఈ రంగంలో సమయం విలువ తెలిసినవాళ్ళు లేకపోలేదు. బెంగళూరులో అట్టక్కలరి నృత్య సంస్థ తన ద్వైవార్షికోత్సవంతో పాటు యువ కొరియోగ్రాఫర్లకి రెసిడెన్సీ (ఒకచోట ఉండి పని చేసుకునే అవకాశం) నడిపింది; ఢిల్లీలో గతి డాన్స్ ఫోరం వేసవి రెసిడెన్సీల్లో వారాల తరబడి ఒక్క పని మీద కూర్చోబెట్టి, పెద్దల సలహా అందించింది. మన చెన్నైలో పద్మినీ చెత్తూర్, ప్రీతి ఆత్రేయ వంటి వాళ్ళు బేస్‌మెంట్ 21 పేరుతో తామే ఒక గుంపుగా ఏర్పడి పని చేసుకున్నారు. 1998లో అనితా రత్నం, రణ్‌వీర్ షా ‘ది అదర్ ఫెస్టివల్’ మొదలుపెట్టినప్పుడు, డిసెంబరు సభల ఊరిలో కొత్త పనికి ఒక గొడుగు దొరకడమే గొప్ప సంగతి. పుట్టుక కోసం ఇంత చేసినవాళ్ళకి నేను రుణపడి ఉన్నాను. నేనడుగుతున్నది పెంపకం గురించి.

ఒక ఉత్సవ నిర్వాహకుడితో ఈ మాటే అన్నాను. ఆయన దాపరికం లేకుండా జవాబిచ్చారు: “మీరన్నది నిజమేనండీ, కానీ పాత పనికి స్పాన్సరు రాడు. పోస్టరు మీద ప్రథమ ప్రదర్శన అని ఉంటేనే పేపరు వాళ్ళు రాస్తారు.” నేను తల వంచుకోవలసి వచ్చింది. అడయారు ప్రదర్శన తరవాత ఒక పత్రికకి పదిహేను వాక్యాల సమీక్ష రాసి, ‘రెండో భాగాన్ని తగ్గిస్తే బాగుండేది’ అని ఉచిత సలహా పడేసిన దాన్ని నేనే. ఆమె తగ్గించింది. ఆ సంగతి రాయడానికి బెంగళూరు నుంచి ఫోన్ చేస్తే, “అది పాతదే కదా మేడం” అన్నారు. పాత చింతకాయ పచ్చడికి ఉన్నపాటి గౌరవం కూడా రెండేళ్ళ నృత్యానికి లేదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, బలమైనదే. ఉత్సవంలో ఉండేవి ఆరో ఏడో సాయంత్రాలు. వాటిలో పాత పనికి చోటిస్తే, వాకిట్లో నిలబడ్డ ఇరవై మూడేళ్ళ కుర్రాడికి తలుపు మూసినట్టే. ఆ నష్టాన్ని కాదనలేను. కానీ ఆ కుర్రాడికి ఇప్పుడు దొరుకుతున్నదేమిటి? ఎనభై మంది ముందు ఒక్క రాత్రి, ఆ పైన మరో కొత్త ఆలోచనతో మళ్ళీ అదే వరుసలో నిలబడే అవకాశం. తన మొదటి పనికి రెండో రాత్రి కూడా ఉందని తెలిస్తే వాడు మొదటి రాత్రే అన్నీ కుక్కి పెట్టడు. అడయారులో ఆ పరుగులూ అక్షరాలూ ఎందుకు వచ్చాయో ఆమెని అడిగాను. “మళ్ళీ పిలవరని తెలుసక్కా, అందుకే నా దగ్గరున్నదంతా పెట్టేశాను” అంది.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. మూడు సాయంత్రాల్లో ఒకటి, కనీసం రెండేళ్ళ వయసున్న పనికి ఇవ్వండి, కొత్తదానికిచ్చే పారితోషికమే ఇవ్వండి, అది ఇంతకుముందు ఎక్కడెక్కడ ఆడిందో కాగితం మీద గర్వంగా అచ్చు వేయండి. లేదా ఒకే పనిని శుక్రవారమూ ఆదివారమూ పెట్టి, శుక్రవారం టిక్కెట్టుతోనే ఆదివారం కూడా రానివ్వండి. రెండోసారి వచ్చేవాళ్ళు పాతికమందే కావచ్చు. నర్తకికి ఆ పాతికమంది మిగిలిన వాళ్ళందరికంటే ఎక్కువ పనికొస్తారు, ఏం మారిందో వాళ్ళకి తెలుస్తుంది కనక.

ఈ ఏడాది ఉత్సవం కార్యక్రమ పత్రిక మొన్న జూన్‌లో వచ్చింది. పిన్ని కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక, “అందులో ఆ కూర్చునే అమ్మాయి ఉందా?” అని వంటింట్లోంచే అడిగింది. పై నుంచి కిందికి చదివాను. తొమ్మిది పేర్లు, తొమ్మిదింటి పక్కనా ‘ప్రథమ ప్రదర్శన’. లేదన్నాను. “అయితే డిసెంబరు దాకా ఆగుదాంలే” అని పోపు వేసింది.